లొంగడం తెలిసిన యంత్రం

పశువులు ఎంత మేసినా పచ్చిక బీడులో కొన్ని మిగిలిపోతాయి: ముళ్లపొదలు, ముదిరిన కలుపు, బొటనవేలంత లావు చెట్ల పిలకలు. కొన్నేళ్లు వదిలేస్తే బీడు అడవవుతుంది. ఒకప్పుడు అమెరికా రైతు దగ్గరున్న కోతయంత్రం కత్తెర తరహాది. పళ్ల వరస మధ్య కత్తులు అటూ ఇటూ ఆడుతూ మెత్తటి గడ్డిని చక్కగా కోసేవి. పొద అడ్డొస్తే ఇరుక్కునేవి, రాయి తగిలితే విరిగేవి.

తిరిగే కత్తులతో ఆ చిక్కును తీర్చిన రోటరీ మోవర్ పుట్టడానికి ముందు రెండు ఏర్పాట్లు కుదిరాయి. 1918లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ ట్రాక్టరు ఇంజను శక్తిని వెనకున్న పనిముట్టుకు అందించే షాఫ్టును, అంటే పీటీవోను, అమ్మకానికి తెచ్చింది. తర్వాత నిమిషానికి 540 చుట్లు దానికి ప్రమాణమయ్యాయి. మన ఊళ్లలో రోటవేటరును తిప్పేదీ ఆ ప్రమాణమే. 1939లో హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన, పనిముట్టును ఎత్తి దించే హైడ్రాలిక్ లింకేజీ ఫోర్డ్ ట్రాక్టరుకు అమరింది. 1940ల చివర్లో ఇల్లినాయ్ రాష్ట్రంలో వుడ్ సోదరులు, 1951లో అలబామాలోని సెల్మా పట్టణంలో బుష్ హాగ్ సంస్థ ట్రాక్టరు మోవర్లను రైతులకు అందించారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఏ కంపెనీ మోవరునైనా బుష్ హాగ్ అనే పిలవడం అలవాటైంది.

లోపల పనితనం సూటిగా ఉంటుంది. అడ్డంగా వచ్చే తిరుగుడును గేర్‌బాక్సు నిలువుగా మళ్లించి, వేగం పెంచుతుంది. 5 అడుగుల మోవరులో కత్తులు నిమిషానికి 800 చుట్లు తిరిగితే, వాటి కొసలు గంటకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో పోతాయి. ఆ వేగంలో రాయి తగిలినా యంత్రం బతకాలి. అందుకే అందులో కొన్ని భాగాలను కావాలనే లొంగేలా చేశారు.

కత్తులను బిగించేయరు, లావుపాటి బోల్టు మీద ఆడేలా వేలాడదీస్తారు. తిరిగేటప్పుడు అపకేంద్ర బలం వాటిని తిన్నగా చాచి ఉంచుతుంది, మొద్దు తగిలితే వెనక్కి ముడుచుకుంటాయి. దెబ్బ ఇంకా పెద్దదైతే షాఫ్టులోని షియర్ బోల్టు తెగుతుంది, లేదా స్లిప్ క్లచ్ జారుతుంది. ఇంట్లో ఫ్యూజు కాలిపోయి మోటారును కాపాడినట్టు, చవకైన బోల్టు ఖరీదైన గేర్లను కాపాడుతుంది.

పాత మోవర్ల మరమ్మతులో అసలు విషయం ఈ లొంగే గుణాన్ని నిలబెట్టడమే. మాటిమాటికీ తెగుతోందని షియర్ బోల్టు స్థానంలో గట్టి బోల్టు బిగిస్తే, తర్వాతి దెబ్బకు గేరు పళ్లు రాలతాయి. తయారీదారు చెప్పిన గ్రేడు బోల్టే వాడాలి. ఎండా వానా తగిలిన స్లిప్ క్లచ్ తుప్పుపట్టి ఒకే ముద్దలా అతుక్కుపోతుంది. ఏటా సీజను ముందు స్ప్రింగుల బోల్టులు వదులు చేసి, పీటీవో కొద్ది క్షణాలు తిప్పి, ప్లేట్లు జారనిచ్చి, స్ప్రింగులను మళ్లీ మొదటి పొడవుకే బిగించాలి. కత్తుల పిన్నులు బిగుసుకుపోతే విప్పి శుభ్రం చేయాలి. కత్తులు మార్చాల్సి వస్తే జతగానే మార్చాలి. ఒకటి బరువు, ఒకటి తేలిక అయితే ఆ అదురుకు బేరింగులు అరిగి, కత్తుల మీది కప్పు, అంటే డెక్కు, వెల్డింగులు చిట్లుతాయి.

ఫోర్డ్ 8ఎన్ వంటి పాత ట్రాక్టర్లతో ఇంకో ప్రమాదం ఉంది. క్లచ్ తొక్కినా, తిరుగుతున్న కత్తుల ఊపు పీటీవో ద్వారా గేర్లలోకి చేరి చక్రాలను ముందుకు తోస్తుంది. కంచె ముందు ఆపబోయినా బండి ఆగదు. ఒకవైపే శక్తినిచ్చి, రెండోవైపు జారిపోయే ఓవర్‌రన్నింగ్ క్లచ్‌ను షాఫ్టుకు తగిలిస్తే ఆ ఊపు అక్కడితో ఆగుతుంది.

గేర్‌బాక్సు కింద నూనె కారుతుంటే ముందు కింది షాఫ్టు చుట్టూ చూడాలి. అక్కడ చుట్టుకున్న కంచె తీగే తరచు సీలును కోస్తుంది. తీగ తీసేసి, సీలు మార్చి, గేరు నూనె మట్టం సరిచేయాలి. షాఫ్టు క్రాసులకు, ఒకదాన్లో ఒకటి జారే గొట్టాలకు గ్రీజు మరవకూడదు. గొట్టాలు బిగుసుకుంటే మోవరును ఎత్తినప్పుడు ఆ తోపుడంతా గేర్‌బాక్సు మీదే పడుతుంది.

ఇదంతా ఇంజను ఆపి, తాళం తీసి, కత్తులు పూర్తిగా నిలిచాకే. హైడ్రాలిక్స్ మీదే నమ్మకం పెట్టి ఎత్తిన డెక్కు కిందికి దూరకూడదు, బలమైన దిమ్మెలు పెట్టాలి. షాఫ్టు మీది గార్డు పోతే వెంటనే కొత్తది వేయాలి. కండువా అంచో, చీరకొంగో చిక్కితే తప్పించుకునే వ్యవధి ఉండదు.

పాత మోవరు కొనేవారు డెక్కు ఎంత మందమో, రంగు ఎంత మెరుస్తోందో చూసి తృప్తిపడకూడదు. కత్తులు చేత్తో ఆడుతున్నాయా, క్లచ్ జారుతోందా, గొట్టాలు కదులుతున్నాయా, షియర్ బోల్టు అసలుదేనా? ఈ నాలుగూ సరిగా ఉంటే తుప్పు రేకు తర్వాత వెల్డ్ చేసుకోవచ్చు. ఆ మోవరుకు ఇంకా చాలా పని మిగిలి ఉంది.