తెరమీది పాతబస్తీ

సికింద్రాబాదు నుండి ఫలక్‌నుమా వైపు సాగే లోకల్ రైలు మలక్‌పేట, డబీర్‌పురా దాటిన పిమ్మట యాకుత్‌పురాలో ఆగుతుంది. అరబ్బీ భాషలో 'యాకూత్' అంటే కెంపు. పూర్వం హైదరాబాదు నగరం చుట్టూ ప్రాకారం, దానికి 13 దర్వాజాలు ఉండేవి. వాటిలో యాకుత్‌పురా దర్వాజా ఒకటి. నేడు డబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు మాత్రమే నిలిచి ఉన్నాయి. యాకుత్‌పురా దర్వాజా పేరుగా మాత్రమే మిగిలింది. ఆ పరిసరాల ఇళ్లలో కార్చోబ్ పని నేటికీ కనిపిస్తుంది. కొయ్య చట్రానికి బట్టను బిగించి కట్టి, దాని చుట్టూ నేలపై కూర్చుని, సన్నని సూదితో జరీ దారాలను, తళుకులను కుట్టుతారు. ఒక పెళ్లి చీరకు రోజుల తరబడి పని ఉంటుంది; చేతికి వచ్చే కూలి స్వల్పం. ఆ సందులలో ఎన్నడూ అడుగుపెట్టనివారు కూడా పాతబస్తీ అనగానే ఒక దృశ్యాన్ని ఊహించుకుంటారు. ఆ దృశ్యంలో కార్చోబ్ చట్రం ఉండదు. ఇరుకు సందులో పరుగెత్తే నేరస్థుడు, వెంబడించే పోలీసు, వెనుక చార్మినారు ఉంటాయి. ఆ ఊహ వారికి చలనచిత్రాల నుండి సంక్రమించింది.

అపరాధ పరిశోధన కథకు తెలియని ప్రదేశం ఒకటి కావాలి. ప్రేక్షకుడికి ఆ ప్రదేశం ఎంత కొత్తదైతే కథలో ఉత్కంఠ అంత పెరుగుతుంది. అక్కడి ఆచారం ఒక ఆధారంగా, అక్కడి భాష ఒక చిక్కుముడిగా, అక్కడి మనిషి ఒక అనుమానితుడిగా మారుతారు. కథకు ఇది సౌకర్యమే. ఆ ప్రదేశంలో బతికేవారికి మాత్రం దీని ఫలితం వేరు. ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి అమెరికాలోని నవాహో జాతివారి అనుభవం ఉపకరిస్తుంది.

నవాహోలు తమను తాము 'దినే' అని పిలుచుకుంటారు. ఆ మాటకు 'జనులు' అని అర్థం. ఆరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాలలో వారి ప్రాంతం విస్తరించి ఉంది. టోనీ హిల్లర్‌మన్ అనే రచయిత 1970 నుండి ఆ నేలపై వరుసగా అపరాధ పరిశోధన నవలలు రాశాడు. ఆయన నవాహో కాడు; శ్వేతజాతీయుడు. అయినప్పటికీ లీప్‌హార్న్, చీ అనే ఇద్దరు నవాహో పోలీసు అధికారులను ఆయన కథానాయకులుగా నిలిపాడు. మరణించినవారి నుండి ఒక కీడు వెలువడుతుందనీ, శవానికి దూరంగా ఉండాలనీ నవాహోల విశ్వాసం. నేరపరిశోధనకేమో శవమే మొదటి మెట్టు. ఈ వైరుధ్యాన్ని హిల్లర్‌మన్ చక్కగా వినియోగించుకున్నాడు. లీప్‌హార్న్ ఆ విశ్వాసాన్ని సందేహిస్తాడు. చీ మాత్రం ఒకవైపు పోలీసు ఉద్యోగం చేస్తూనే మరొకవైపు సంప్రదాయ వైద్యగాయకుడు కావడానికి శిక్షణ పొందుతుంటాడు. ఒక జాతి నమ్మకం ఇక్కడ వింత వస్తువుగా గాక, ఇద్దరు మనుషుల మధ్య వాదంగా నిలిచింది. 1987లో నవాహో గిరిజన మండలి ఆయనను తమ ప్రత్యేక మిత్రునిగా గౌరవించింది.

ఆ నవలలు తెరకెక్కినప్పుడు చిక్కులు మొదలయ్యాయి. 1991లో వచ్చిన 'ది డార్క్ విండ్' చిత్రంలో లీప్‌హార్న్ పాత్రను ఫ్రెడ్ వార్డ్ అనే నవాహో కాని నటుడు ధరించాడు. పొరుగువారైన హోపీ జాతి పెద్దలు తమ పవిత్ర క్రతువుల చిత్రణ పట్ల అభ్యంతరం తెలిపారు. 2002లో 'స్కిన్‌వాకర్స్' టెలివిజన్ చిత్రానికి ఆదివాసి దర్శకుడు క్రిస్ ఐర్ పూనుకున్నాడు. వెస్ స్టూడి, ఆడమ్ బీచ్ ప్రధాన పాత్రలు ధరించారు. ఇద్దరూ ఆదివాసులే, కాని నవాహోలు కారు. 2022లో ప్రారంభమైన 'డార్క్ విండ్స్' ధారావాహిక రచనలో ఆదివాసి రచయితలకు స్థానం లభించింది. అప్పుడు కూడా కొందరు నవాహో ప్రేక్షకులు నటుల ఉచ్చారణను తప్పుపట్టారు. తమ భాషను తెరపై వినగోరేవారికి ఉచ్చారణ చిన్న విషయం కాదు.

తెలుగు చిత్రాలలో పాతబస్తీకి వచ్చిన స్థానాన్ని ఈ నేపథ్యంలో పరిశీలించవచ్చు. 2003లో విడుదలైన 'ఒక్కడు' చిత్రంలో కథానాయకుడి ఇల్లు చార్మినారు సమీపంలోనే ఉంటుంది. రద్దీ కూడలిలో చిత్రీకరణ కష్టమని, చార్మినారును, దాని చుట్టూ ఉన్న ఇళ్లను భారీ సెట్టుగా నిర్మించారు. గుణశేఖర్ దర్శకత్వంలో ఆ సెట్టు పేరు పొందింది. అయితే రాతికట్టడానికి దక్కిన శ్రద్ధ దాని నీడలో వినిపించే భాషకు దక్కలేదు. అంతకు ముందు సంవత్సరం కృష్ణవంశీ దర్శకత్వంలో వచ్చిన 'ఖడ్గం'లో ప్రకాశ్‌రాజ్ అమ్జద్ అనే ఆటో డ్రైవరుగా నటించాడు. అతని తమ్ముడు ఉగ్రవాదులలో చేరుతాడు. అమ్జద్ దేశం పక్షాన నిలుస్తాడు. దర్శకుని ఉద్దేశం సదుద్దేశమే. అయినా ఒక సందేహం మిగులుతుంది. మిగిలిన పాత్రల దేశభక్తిని ఎవరూ ప్రశ్నించరు. అమ్జద్ మాత్రం సొంత తమ్మునికి ఎదురునిలిచి తన భక్తిని రుజువు చేసుకోవలసి వచ్చింది. కథలోని మంచివానికి కూడా ఈ పరీక్ష తప్పకపోవడం గమనించదగినది.

భాష విషయం మరింత లోతైనది. పాతబస్తీ వాడుక భాష దక్కనీ. 1591లో హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీలో కవిత్వం రచించాడు. కనుక దీనిని ఉర్దూకు చెడిన రూపమనడం చరిత్ర తెలియని మాట. 'వద్దు' అనే అర్థంలో వాడే 'నక్కో' మరాఠీ నుండి వచ్చింది. బహువచనంలో 'లోగాఁ', 'బాతాఁ' అంటారు. 'రేపు వస్తానని చెప్పాడు' అనడానికి 'కల్ ఆతూఁ బోల్‌కే బోలా' అంటారు. ఇందులోని 'బోల్‌కే' మన 'అని' చేసే పనే చేస్తుంది. వాక్య నిర్మాణంలోనే తెలుగు పొరుగు ఉన్నదన్నమాట! ఇటువంటి భాషను తెలుగు, హిందీ చిత్రాలు ఎక్కువగా హాస్యగాని నోట, లేదా రౌడీ నోట పెట్టాయి. ఆ యాస విన్న వెంటనే నవ్వడమో భయపడడమో ప్రేక్షకునికి అలవాటైంది.

దీనికి భిన్నంగా నడిచినవాడు శ్యామ్ బెనెగళ్. ఆయన 1934లో సికింద్రాబాదు ప్రాంతంలోని తిరుమలగిరిలో జన్మించి, ఈ మాటల మధ్యనే పెరిగాడు. 1974 నాటి 'అంకుర్'లో షబానా ఆజ్మీ ధరించిన లక్ష్మి పాత్ర దక్కనీలో మాట్లాడుతుంది. అక్కడ ఆ భాష నవ్వు పుట్టించదు. ఒక పేద స్త్రీ దుఃఖాన్ని, ఆగ్రహాన్ని మోస్తుంది. సాగర్ సర్హదీ 1982లో తీసిన 'బజార్' హైదరాబాదు పేద కుటుంబాలలోని ఆడపిల్లలను ధనవంతులకు పెళ్లి పేరిట అమ్మివేయడాన్ని కథావస్తువుగా స్వీకరించింది. అందులోనూ నేరం ఉన్నది. కాని ఆ నేరానికి కారణం సందుల చీకటి కాదు, దారిద్ర్యం.

ఆ తరువాతి కాలంలో కుంట నిఖిల్ దర్శకత్వంలో 'ది అంగ్రేజ్' వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకై విదేశం నుండి వచ్చిన ఇద్దరు యువకులకూ, చార్మినారు దగ్గరి కుర్రకారుకూ మధ్య తగాదా ఇందులోని కథ. సలీం ఫేకు, ఇస్మాయిల్ భాయ్ మాటలు ఊరంతా పాకాయి. పాతబస్తీవారే ఆ చిత్రాన్ని చూసి కడుపుబ్బ నవ్వారు. తమను తాము చూసి నవ్వుకోవడానికీ, పరులు తమను చూసి నవ్వడానికీ భేదం ఉన్నది. అయితే 'హైదరాబాద్ నవాబ్స్' మొదలుకొని ఆ ధోరణి చిత్రాలు పెరిగేకొద్దీ, గొప్పలు చెప్పుకుంటూ టీ కొట్టు దగ్గర కాలం గడిపే యువకుడు మరొక మూసగా తయారయ్యాడు. మూసను స్థానికులే పోసినంత మాత్రాన అది మూస కాకుండా పోదు.

తెరకు ఎక్కవలసినవి ఈ పేటలలో చాలా ఉన్నాయి. మొహర్రం పదవ దినాన డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుండి బీబీ కా ఆలం ఏనుగుపై బయలుదేరి చాదర్‌ఘాట్ వైపు సాగుతుంది. ఆషాఢమాసపు బోనాలలో హరిబౌలిలోని అక్కన్న మాదన్న దేవాలయపు ఘటం కూడా ఏనుగుపైనే ఊరేగుతుంది. కొన్ని సంవత్సరాలపాటు ఈ రెండు ఊరేగింపులకూ నగర జంతుప్రదర్శనశాలకు చెందిన రజని అనే ఒకే ఏనుగు వచ్చేది. ఒకసారి అమ్మవారి ఘటాన్ని, మరొకసారి బీబీ ఆలమును మోస్తూ, అది అవే పాతబస్తీ వీధులలో, రెండు పక్కలా నిలిచిన జనం మధ్య నడిచేది.