పేగు గోడను కొలిచే ధ్వని

క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ ఒకసారి పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలని పేగువాపు జబ్బులు. మందు పనిచేస్తోందా, వాపు లోలోపల రగులుతూనే ఉందా అన్న ప్రశ్న రోగినీ డాక్టరునూ మళ్లీ మళ్లీ వేధిస్తుంది. బాధను బట్టి తేల్చలేం. నొప్పి తగ్గినా వాపు మిగిలి ఉండవచ్చు, వాపు చల్లారినా విరేచనాలు ఆగకపోవచ్చు. కొలనోస్కోపీ లోపలి పొరను స్పష్టంగా చూపుతుంది, నిజమే. కానీ దానికి ముందు పేగు శుభ్రమయ్యేదాకా మందు తాగాలి, చాలామందికి మత్తు కూడా ఇవ్వాలి. అలాంటి పరీక్షను రెండు మూడు నెలలకోసారి ఎవరు చేయించుకోగలరు? పైగా క్రోన్స్ వ్యాధి లోపలి పొరతో ఆగకుండా గోడ మందమంతా పాకుతుంది. అందుకే ఈ జబ్బుల పోకడను గమనిస్తూ ఉండటానికి పొట్టమీద ఆనించి చేసే అల్ట్రాసౌండ్‌కే మొదటి స్థానం ఇవ్వాలని నా వాదన.

ఈ యంత్రం పుట్టింది ఆసుపత్రిలో కాదు. లోహంలో కంటికి కనిపించని పగుళ్లను ధ్వని తరంగాలతో పట్టే పరికరాలు కర్మాగారాల్లో ఉండేవి. గ్లాస్గోలో స్త్రీవైద్య ఆచార్యుడు ఇయాన్ డొనాల్డ్ 1955లో, ఆపరేషన్లలో తీసిన కణితులను రెన్‌ఫ్రూలోని బాయిలర్ల కర్మాగారానికి తీసుకెళ్లి ఆ పరికరంతో పరీక్షించాడు. గట్టి గడ్డ నుంచి ఒక రకం ప్రతిధ్వని, నీటి తిత్తి నుంచి మరో రకం వచ్చాయి. ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌లతో కలిసి ఆయన రాసిన పత్రం 1958లో లాన్సెట్‌లో వచ్చింది. గర్భం, కాలేయం, పిత్తాశయం ఈ ధ్వనికి త్వరగానే లొంగాయి. పేగు లొంగలేదు, ఎందుకంటే అందులోని గాలి తరంగాలను వెనక్కి కొట్టేస్తుంది. నెదర్లాండ్స్ వైద్యుడు పుయ్‌లార్ట్ అపెండిసైటిస్ కోసం 1986లో వివరించిన పద్ధతి ఇక్కడ దారి చూపింది. పొట్టమీద ఆనించే ప్రోబ్‌ను మెల్లగా, క్రమంగా నొక్కుతూ పోతే గాలి పక్కకు తప్పుకుంటుంది. పౌనఃపున్యం ఎక్కువున్న ప్రోబ్‌లు వచ్చాక గోడలోని పొరలు కూడా విడివిడిగా కనబడసాగాయి. గోడ మందం మూడు మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి, రక్తం కదలికను చూపే డాప్లర్‌లో ప్రవాహం పెరిగి కనిపిస్తే వాపు చురుగ్గా ఉందని అర్థం.

జర్మనీ నుంచి 2020లో వెలువడిన అల్సరేటివ్ కొలైటిస్ అధ్యయనంలో, చికిత్స మొదలైన రెండు వారాలకే పేగు గోడ పలచబడటం కనిపించింది. ఇంత త్వరగా జవాబు దొరికితే పనిచేయని మందును నెలల తరబడి మింగనక్కర్లేదు. ఎంఆర్ఐ ఇంతకన్నా మెరుగు కదా అంటారు, ఆ మాటలో నిజముంది. బ్రిటన్‌లో 284 మందిపై జరిపి 2018లో ప్రచురించిన మెట్రిక్ అధ్యయనంలో, చిన్నపేగులో క్రోన్స్ ఉందని ఎంఆర్ఐ 97 శాతం మందిలో పట్టింది, అల్ట్రాసౌండ్ 92 శాతం మందిలో. జబ్బు ఎంతమేర పాకిందో సరిగ్గా చెప్పడంలో తేడా ఇంకా ఎక్కువ, 80కి 70. కాబట్టి మొదట పేగు మొత్తం పటం గీయడానికి ఎంఆర్ఐ తీయించడమే సరి. ఆ తర్వాత తెలిసిన చోటునే పదేపదే కొలవాలి. అప్పుడు ఏడాదికోసారి తీసే నిశితమైన చిత్రంకన్నా, ప్రతి సందర్శనలోనూ చూడగలిగే కొలతే చికిత్సను మలుపు తిప్పుతుంది. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు కనుక పిల్లలకూ గర్భిణులకూ భయం లేదు.

మరో రెండు అభ్యంతరాలు ఇంతకన్నా బలమైనవి. కటిలో లోతుగా ఉండే పురీషనాళం పొట్టమీది నుంచి సరిగా కనబడదు. అల్సరేటివ్ కొలైటిస్ మొదలయ్యేది సాధారణంగా అక్కడే. అందుకే పేగు వాపును సూచించే కాల్‌ప్రొటెక్టిన్‌ను మలంలో కొలిచే పరీక్షను దీనికి తోడు చేసుకోవాలి. రెండోది మన దేశానికి మరీ ముఖ్యం. పేగు క్షయ కూడా గోడను ఇలాగే మందం చేస్తుంది. అది క్షయో క్రోన్సో ధ్వని ఒక్కటే తేల్చలేదు, కొలనోస్కోపీతో ముక్క తీసి పరీక్షించాల్సిందే. ఇక్కడ పొరబడి క్షయరోగికి రోగనిరోధక శక్తిని అణిచే మందులిస్తే ప్రాణానికే ముప్పు. రోగ నిర్ధారణలో కొలనోస్కోపీ స్థానాన్ని అల్ట్రాసౌండ్‌కు ఇవ్వమని నేను అనడం లేదు.

చూసేవారి చేతిని బట్టి ఫలితం మారుతుందన్న మాట కూడా నిజమే, దానికి మందు శిక్షణ. అలాగని యంత్రాలను ఎక్కడపడితే అక్కడ పెట్టలేం. గర్భస్థ శిశువు లింగాన్ని చూపగల యంత్రం ఎక్కడున్నా లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం కింద నమోదు కావలసిందే, ఆ కట్టుబాటు సడలకూడదు. ఇప్పటికే నమోదై ఉన్న స్కానింగ్ కేంద్రాల్లోని రేడియాలజిస్టులకు పేగును చూడటం నేర్పితే చాలా దూరం వెళ్లవచ్చు. వారికి నా విన్నపం ఒక్కటే: రిపోర్టులో “పేగు గోడ మందంగా ఉంది” అని వదిలేయకండి, ఏ భాగంలో ఎన్ని మిల్లీమీటర్లో రాయండి, వచ్చేసారి పోల్చుకోవడానికి ఆ అంకె కావాలి.