కణగర్భమున ప్రక్షిప్తములు

హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని శిలాశాసనము 1163 నాటిది. కాకతీయ ప్రభువు రుద్రదేవుని ప్రాభవమును, అతని తండ్రి ప్రోలరాజు విజయములను అది దేవభాషలో ఉగ్గడించుచున్నది. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారము చెరువుకడ వేయించిన శాసనము ఇంకను వెనుకకు పోయి, వెన్నడను మూలపురుషుని మొదలుకొని కాకతీయుల తరములను వరుసగా పేర్కొన్నది. ఇంత వ్రాత యుండియు కాకతీయులెవ్వరను ప్రశ్నకు శాసనములన్నియు ఏకకంఠముగా బదులు పలుకవు. కొన్ని వారిని సూర్యవంశమున నిలిపినవి, కొన్ని చతుర్థకులజులని చెప్పి ఊరకున్నవి. వంశవర్ణనము కవి చేతిలోనిది, కవి ప్రభువు చేతిలోనివాడు. కనుక ఆ వైరుధ్యమునకు ఆశ్చర్యపడ పనిలేదు. ఏ ప్రభువునకును లోబడక, ఏ కవికిని తెలియక, మనుష్యుని కణకేంద్రమున తరతరములుగా వ్రాయబడుచు వచ్చిన వేరొక వంశావళి కలదనియు, దానిని చదువ పూనిన చెప్పుకోదగిన యత్నములలో ఒకటి తెలుగునేల మీదనే జరిగినదనియు ఎరిగినవారు మాత్రము మనలో కొలదిమందియే.

ఈ లిపి మొదట బయటపడినది మనుష్యునియందు కాదు, మన వరంగల్లు రైతునకు చిరపరిచితమైన మక్కజొన్నయందు. 1940ల నడుమ అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయమున బార్బరా మెక్లింటాక్ అను విదుషీమణి, మక్కగింజలపై రంగుమచ్చలు క్రమము తప్పి ఏల కనబడుచున్నవని విచారించి, క్రోమోజోములలోని కొన్ని ఖండములు తమ చోటు విడిచి వేరొక చోటికి తరలిపోవుచున్నవని తేల్చెను. జన్యువులు కదలనేరవని నమ్మిన నాటి పండితులు పెక్కండ్రు ఆ మాట చెవిని పెట్టరైరి. నోబెల్ పురస్కారము ఆమెను వెదకికొని వచ్చుసరికి 1983 వచ్చినది, ఆమెకు 81 ఏండ్లు నిండినవి.

జంపింగ్ జీన్‌లని లోకము పిలుచు ఈ చరఖండములు మానవ జీనోములో ఎంత స్థలము ఆక్రమించినవో 2001లో దాని ముసాయిదా వెలువడినపుడు తెలియవచ్చెను. ప్రొటీనులను నిర్దేశించు భాగము అందు నూటికి రెండు పాళ్లయినను లేదు. చరఖండములును వాని శిథిలములును కలిసి 45 పాళ్ల వరకు ఉన్నవి. వానిలో మన కథకు నాయకుడు ‘ఆలు’ అను చిన్న ఖండము. నిడివి సుమారు 300 డీఎన్ఏ అక్షరములు. ప్రతులు 10 లక్షలకు పైమాట. తన్ను తాను ప్రతి చేసికొను సాధనసంపత్తి దీనికి లేదు. ఎల్-1 అను పెద్ద చరఖండము తన యవసరమునకై సిద్ధపరచుకొన్న ఎంజైమును ఇది అపహరించి, తన ఆర్ఎన్ఏ ప్రతిని డీఎన్ఏగా మార్చుకొని, జీనోములో మరియొక చోట చొరబడును. పరాన్నభుక్కును పట్టుకొని బ్రదుకు పరాన్నభుక్కు అన్నమాట. ఈ చొరబాటు నేటికిని ఆగలేదు. ఇరువది నుండి నలువది జననములకు ఒకటి చొప్పున, తల్లిదండ్రులయందు లేని క్రొత్త ఆలు శిశువునందు కనబడుచున్నదని శాస్త్రజ్ఞుల లెక్క.

తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితుడు ప్రక్షిప్త పద్యమును చూచి విసుగుకొనును గాని, ప్రతుల చుట్టరికమును నిర్ణయించుటకు అతనికి తరచుగా ఆ ప్రక్షిప్తమే శరణ్యము. ఒక అక్షరమునకు మారుగా మరియొక అక్షరము పడుట ఇరువురు లేఖకుల చేతులలో వేరువేరుగా జరుగవచ్చును. కాని ఒకే పద్యము ఒకే చోట చొప్పింపబడిన రెండు ప్రతులు కనబడినచో, అవి ఒక్క మాతృకనుండి పుట్టినవనుటకు అతడు సందేహింపడు. ఆలు సాక్ష్యమునకు గల బలమంతయు ఇదియే. మూడువందల కోట్ల అక్షరముల నడుమ ఒకే స్థానమున రెండు మారులు స్వతంత్రముగా చొరబాటు జరుగుట బహు దుర్ఘటము. చొరబడిన ఖండము జాడ మిగుల్చక తొలగిపోవుట అంతకంటె అరుదు. ఏది ప్రాచీనము, ఏది అర్వాచీనము అను చిక్కు కూడ ఇచట లేదు, ఏలయన లేకుండుటయే ప్రాచీన స్థితి. ఆలువులలో అత్యధికములు చింపాంజీలయందును అవే స్థానములందు ఉన్నవి కావున వంశవిచారమునకు అవి పనికిరావు. మనుష్యజాతి వేరుపడిన పిమ్మట చొరబడి, ఇంకను అందరకు వ్యాపింపక, కొందరియందుండి కొందరియందు లేని కొన్ని వేల ఖండములే మనకు కావలసినవి. 17వ క్రోమోజోము మీది ఏసీఈ జన్యువులో 287 అక్షరముల ఆలు ఒకటి అట్టిది. అది తండ్రినుండియు తల్లినుండియు రావచ్చును, ఒకరినుండియే రావచ్చును, అసలే రాకపోవచ్చును. ఆ స్థానపు డీఎన్ఏను పీసీఆర్ అను ప్రక్రియచే పెక్కు ప్రతులు చేసి జెల్ మీద నడిపించినచో ఆలు గల ముక్క బరువెక్కి వెనుకబడును, లేనిది ముందునకు సాగును. ఈ పద్ధతిచేతనే మార్క్ బాట్జర్, మార్క్ స్టోన్‌కింగ్ ప్రభృతులు 1990లలో దేశదేశముల జనులను పోల్చి, చొరబాటు ఒక్కటియు లేని ఊహాజనిత పూర్వజనమునకు ఆఫ్రికావారు మిక్కిలి సమీపులని చూపిరి.

ఇక తెలుగువారి సంగతి. మైకేల్ బామ్‌షాడ్, లిన్ జోర్డ్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారితో కలిసి, విశాఖపట్నము ప్రాంతమున ఎనిమిది కులములకు చెందిన సుమారు 265 మంది పురుషుల డీఎన్ఏను పరీక్షించి, 2001లో ‘జీనోమ్ రీసెర్చ్’ పత్రికయందు ఫలితములను ప్రకటించిరి. మాతృవంశమును తెలుపు మైటోకాండ్రియా డీఎన్ఏ, పితృవంశమును తెలుపు వై క్రోమోజోము ఒక్కొక్క పాయనే చెప్పునవి గావున, ఉభయవంశములనుండియు సంక్రమించు 40 చరఖండములను వారు తోడు తెచ్చుకొనిరి. వానిలో 39 ఆలువులు, ఒకటి ఎల్-1. అగ్రవర్ణములనబడువారు ఐరోపావారికి కొంత ఎక్కువ సమీపముగను, తక్కినవారు ఆసియావారికి ఎక్కువ సమీపముగను ఉన్నారని తేలెను.

ఈ ఫలితమును లోకము చదువుకొన్న తీరు నాకెన్నడును రుచింపలేదు. అగ్రకులము వాడు ఐరోపావాడేనని పత్రికలు శీర్షికలు పెట్టినవి. కొందరికది గర్వకారణమైనది, కొందరికి ఆయుధమైనది. వ్యాసకర్తల నిర్ణయము అది కానేకాదు. భారతీయ కులములు మూలమున ఆసియా సంతతియేయనియు, పశ్చిమమునుండి వచ్చిన మిశ్రమము ఆయా కులములందు హెచ్చుతగ్గులుగా పడినదనియు వారనిరి. సామీప్యమనగా ఉభయులకును ఉమ్మడి పూర్వులుండిరనుటయే గాని, ఒకరు మరియొకరికి పుట్టిరనుట కాదు. అదియునుగాక, ఆ 40 స్థానములను ఎన్నుకొన్నదే అవి ప్రపంచమంతట కొందరియందుండి కొందరియందు లేనివగుటచేత. ఏ యొక్కటియు ఏ కులమునకును ముద్ర కాజాలదు. సమూహములనడుమ కనబడినది పాళ్లలోని తేడా మాత్రమే. ఒక్క మనుష్యుని తెచ్చి ముందు నిలిపి, వీని కులమేదో ఆ నలువది ఖండములను చూచి చెప్పుమన్నచో ఆ పండితులు సైతము నవ్వి ఊరకుండక తప్పదు.

హైదరాబాదులోని సీసీఎంబీ అను జీవశాస్త్ర పరిశోధనాలయములో లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ ప్రభృతులు హార్వర్డు వారితో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధనము ఈ మాటనే ఇంకను స్పష్టము చేసినది: ఈ దేశమున వారు పరీక్షించిన సమూహములలో దాదాపు అన్నిటియందును రెండు ప్రాచీన జనధారలు కలిసియున్నవి. ఆ కలయిక సుమారు 4,200 నుండి 1,900 ఏండ్ల క్రిందటి కాలమున విరివిగా జరిగినదనియు, అటుపిమ్మటనే కులాంతర వివాహములు సన్నగిల్లినవనియు 2013లో వెలువడిన మరియొక వ్యాసము చూపినది.

తెలుగువారి పేరు ప్రపంచ జన్యుపటమునకు ఎక్కిన తీరు కూడ చిత్రమైనది. 26 సమూహములకు చెందిన 2,504 మంది జీనోములను చదివి 2015లో ముగిసిన ‘వేయి జీనోముల ప్రణాళిక’లో తెలుగువారును ఒక సమూహము; ఆ నమూనాలు ఓరుగంటనో గుంటూరుననో గాక, బ్రిటనులో స్థిరపడిన తెలుగువారినుండి సేకరింపబడినవి. ఆ ప్రణాళిక పట్టికకెక్కించిన చరఖండముల చొరబాట్లు 16,000కు పైబడినవి. విశాఖనాటి నలువదింటితో పోల్చినచో ఎంత దూరము నడిచితిమో తెలియును.

ఈ విద్యవలన సామాన్యునకు కలుగు ప్రయోజనము నావరకు పూర్వులెవ్వరను కుతూహలము తీరుటలో లేదు, కులము తలుపు మూసికొన్నందున కలిగిన ఫలితమును గుర్తెరుగుటలో ఉన్నది. 2009 నాటి పరిశోధనమే తెలుగునేల వైశ్యులు బహుకాలము క్రిందట కొలదిమందినుండి విస్తరించి, తమలో తామే వియ్యమందుచు వచ్చిరని తెలిపినది. బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ అను ఎంజైము లోపము వారియందు ఇతరులకంటె సుమారు నూరు రెట్లు ఎక్కువ. ఇది చరఖండము పని కాదు, ఒక్క అక్షరపు మార్పు. కాని వ్యాపించిన త్రోవ వివాహబంధమే. ఈ లోపము గలవారికి శస్త్రచికిత్సకు ముందు సక్సినైల్ కోలిన్ అను కండర శైథిల్యకరమైన మందు ఇచ్చినచో, నిమిషములలో తీరవలసిన దాని ప్రభావము గంటల తరబడి నిలిచి, రోగి తనంతట శ్వాస తీయలేడు. అందుచేత మత్తుమందు వైద్యుడు రోగిని కులమడిగినచో కోపగింప పనిలేదు. అనుమానము కలిగినచో రక్తపరీక్షతో ఎంజైమును కొలిచి, వేరొక మందును ఎన్నుకొనుటకు వీలున్నది.