పవర్లు లేనోడే మనోడు!

ఆకాశంలో ఎగిరే సూపర్ హీరో గొప్పా? గోడచాటున నక్కే గూఢచారి గొప్పా?

నవ్వకండి. సెలవు రోజున దుబాయ్‌లో సోనాపూర్, అల్ కూజ్ క్యాంపుల్లోనో, అబుదాబి పక్కన ముసఫ్ఫాలోనో ఏదో ఒక గదిలోకి తొంగిచూడండి. బట్టలుతికి ఆరేసి, కోడికూర పొయ్యి మీదకెక్కించి, మంచాల మీద కాళ్లు చాపుకుని మేము వాదించుకునేది ఇలాంటి వాటి గురించే. జీతం ఎప్పుడు పడుతుంది, ఊళ్లో వానలు పడ్డాయా, చిట్టీ ఎవరు పాడారు... ఇవన్నీ అయ్యాక ఇక మిగిలేది సినిమాయే కదా! 2022కు ముందు ఈ వాదన శుక్రవారం జరిగేది. ఆ ఏడాది నుంచి ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవులయ్యాయి. మాకు మాత్రం కంపెనీని బట్టి ఒకరికి శుక్రవారం, ఒకరికి ఆదివారం. వాదన రెండు రోజులకు పెరిగింది, అంతే.

ఎండాకాలంలో ఇంకో వేళ కూడా కలిసొస్తుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన. 2005లో మొదలైన మధ్యాహ్నపు విరామం ఇది. ఆ వేళ నీడపట్టున నడుం వాల్చి ఫోన్‌లో సినిమా పెడతాం. పావుగంటకే కన్ను అంటుకుంటుంది. అలా ఒక్కో సూపర్ హీరో సినిమా మాకు మూడు నాలుగు రోజులు నడుస్తుంది. మధ్యలో ఎంత వదిలేసినా కథ అర్థం కాకపోవడం అంటూ ఉండదు, అది వేరే సంగతి!

గిట్ల కూలగొడ్తరేందన్నా?

అసలు ఈ ఎగిరే హీరోలు మా గదుల్లోకి వచ్చింది పిల్లల వల్ల. బోటిమ్‌లో వీడియో కాల్ కలిస్తే చాలు, 'నాన్నా, స్పైడర్‌మ్యాన్ డ్రెస్ పంపు' అని ఒకడు, 'ఐరన్‌మ్యాన్ మాస్కు కావాలి' అని ఇంకొకడు. ఇంటికి పోయేటప్పుడు కట్టే అట్టపెట్టెల్లో ఒకప్పుడు టేప్‌రికార్డర్లు, సెంటు సీసాలు, ఎర్ర దుప్పట్లు ఉండేవి. ఇప్పుడు డ్రాగన్ మార్ట్‌లో కొన్న ప్లాస్టిక్ డాళ్లు, మాస్కులు కూడా చేరాయి. కొన్నాక వాడెవడో తెలుసుకోవాలి కదా. తెలుసుకోకపోతే ఫోన్‌లో ఏం మాట్లాడతాం కొడుకుతో?

అలా చూడటం మొదలుపెట్టాం. 2012లో వచ్చిన 'ది అవెంజర్స్' చివర్లో న్యూయార్క్ మేడలు పేకమేడల్లా కూలుతాయి. ఆ మరుసటి ఏడాది 'మ్యాన్ ఆఫ్ స్టీల్'లో సూపర్‌మ్యాన్, వాడి శత్రువు కలిసి ఇంకో ఊరిని పిండి చేస్తారు. పిల్లలు చప్పట్లు కొట్టేది అక్కడే. మా గదిలో నిశ్శబ్దం అయ్యేదీ అక్కడే. మాలో షట్టరింగ్ చేసేవాళ్లున్నారు, స్టీల్ కట్టేవాళ్లున్నారు, టైల్స్ వేసేవాళ్లున్నారు. సిరిసిల్ల తమ్ముడొకడు స్టీల్ ఫిక్సర్. తెర మీద మేడ విరిగి లోపలి ఇనుప చువ్వలు బయటపడగానే వాడి చూపు వాటి మీదే. "గిట్ల కూలగొడ్తరేందన్నా? ఆ చువ్వలన్నీ కట్టినోని నడుము సంగతి ఎవడన్న సోచాయించిండా?" అంటాడు.

వాడన్న దాంట్లో న్యాయం ఉంది. బుర్జ్ ఖలీఫా పని 2004లో మొదలైతే తలుపులు తెరిచింది 2010 జనవరి 4న. ఆరేళ్లు! అలాంటి మేడలో ఒక ఫ్లోరు లేవడమంటే ఎన్ని చేతులు, ఎన్ని షిఫ్టులు, ఎంత చెమటో మాకు తెలుసు. సినిమావాళ్లకూ ఈ అనుమానం వచ్చినట్టుంది. 2016లో 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్' తీశారు. హీరోల కొట్లాటల్లో పోయిన జనానికి జవాబు ఎవరు చెప్పాలన్నదే అందులో గొడవ. మంచి ప్రశ్నే. కాసేపటికి దాన్ని పక్కన పెట్టి హీరోలు ఒకరినొకరు విమానాశ్రయంలో బాదుకుంటారు.

కుర్రకారు ఒప్పుకోరనుకోండి. ముఖ్యంగా బైక్ మీద డెలివరీ చేసే తమ్ముళ్లు. వాళ్ల దేవుడు స్పైడర్‌మ్యాన్. ఎందుకో అడిగితే 2004 నాటి 'స్పైడర్‌మ్యాన్ 2' మొదటి సీను చూడమంటారు. పీటర్ పార్కర్ పిజ్జా డెలివరీ బాయ్. టైముకు ఇవ్వలేక ఉద్యోగం ఊడుతుంది. "లోకాన్ని కాపాడేటోడికే లేటైతే జాబ్ పోయింది బ్రో, ఇంక మనమెంత?" అంటాడు మా భీమవరం కుర్రాడు. దీనికి మా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క సీను కోసం స్పైడర్‌మ్యాన్‌కు మేమూ ఓటేస్తాం.

పక్క మంచం మలయాళీ చేట్టన్ తన ఫోన్‌లో చూపించిన 'మిన్నల్ మురళి' కూడా అంతే. 2021 క్రిస్మస్ ముందు రోజు వచ్చింది. హీరో పల్లెటూరి టైలరు. పిడుగు పడి శక్తులు వస్తాయి. మన 'హను-మాన్' 2024 సంక్రాంతికి వచ్చింది. అందులో తేజ సజ్జా చిల్లర దొంగతనాలు చేసుకునే ఊరి కుర్రాడు. ఊరు తెలిసిన హీరో, ఆకలి తెలిసిన హీరో అయితే ఎగిరినా మాకు అభ్యంతరం లేదు. మనవాళ్లకు ఇదేం కొత్త కూడా కాదు. 1980లోనే ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్' వేషం కట్టారు. ఆ డ్రెస్ గురించి ఇప్పుడు మాట్లాడితే గదిలో పెద్దవాళ్లు కొడతారు కాబట్టి ఊరుకుంటున్నాం.

116 నుంచి క్రూర్‌సింగ్ దాకా

పెద్దవాళ్ల పార్టీ వేరు. వాళ్లది గూఢచారి పార్టీ.

లెక్క 1966 నుంచి మొదలవుతుంది. ఆ ఏడాది ఆగస్టులో కృష్ణ హీరోగా 'గూఢచారి 116' విడుదలైంది. డూండీ నిర్మాత, మల్లికార్జునరావు దర్శకుడు, జయలలిత హీరోయిన్. కృష్ణకు ఆంధ్రా జేమ్స్‌బాండ్ అని పేరు తెచ్చింది ఆ సినిమాయే. ఆయన 2022 నవంబర్‌లో పోయినప్పుడు మా క్యాంపులో ఆ రాత్రి వంట చేయని గదులున్నాయి. తమాషా ఏమిటంటే, సరిగ్గా అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికా టీవీలో 'మిషన్ ఇంపాజిబుల్' సీరియల్ మొదలైంది. టామ్ క్రూజ్ సినిమాలకు మూలం అదే. టేపు మోగుతుంది, పని చెబుతుంది, తర్వాత తనంతట తానే పొగై పోతుంది. ఏడేళ్లు నడిచింది. మన గోపీ, వాళ్ల టేపు... ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారన్నమాట.

మా ఊళ్లకు టీవీ వచ్చింది మాత్రం చాలా ఆలస్యంగా. పంచాయతీ ఆఫీసులో ఒక టీవీ, మిద్దె మీద యాంటెన్నా, దాన్ని తిప్పడానికి ఒక పిల్లాడు. 1985లో 'కరంచంద్' వచ్చింది. క్యారెట్ కొరుక్కుంటూ పంకజ్ కపూర్ కేసులు తేల్చేవాడు. 1993లో 'బ్యోమకేశ్ బక్షీ'. ధోతీ కట్టుకుని, గొంతు పెంచకుండా, తుపాకీ తీయకుండా గుట్టు విప్పే రజిత్ కపూర్‌ను మరిచిపోగలమా? అంతకు ముందు 1991, 92ల్లో 'చాణక్య'. అందులో గూఢచారులు సన్యాసి వేషంలోనో, వర్తకుడి వేషంలోనో తిరిగేవారు. అర్థశాస్త్రంలో రాసిందీ అదే.

అన్నింటికీ తలమానికం 1994లో మొదలైన 'చంద్రకాంత'. ఆదివారం పొద్దున వీధులు ఖాళీ! అందులో అయ్యార్లు అంటే వేషాలు మార్చే గూఢచారులే. బద్రీనాథ్‌గా వేసిన ఇర్ఫాన్ ఖాన్ తర్వాత హాలీవుడ్ దాకా వెళ్లాడు. కనుబొమ్మలు పెంచుకున్న క్రూర్‌సింగ్‌ను చూసి జడుసుకున్నవాళ్లు ఇప్పుడు మాలో ఫోర్‌మన్లు. హిందీ సగమే అర్థమయ్యేది. ఆ సగం హిందీయే తర్వాత ఇక్కడ సైట్‌లో అన్నం పెట్టింది. 1997లో 'శక్తిమాన్' వచ్చాడు, 2005 దాకా గిరగిరా తిరిగాడు. కానీ అప్పటికి మాలో చాలామంది ముంబైలో ఏజెంటు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

టీవీ లేని రోజుల్లో అద్దె పుస్తకాలుండేవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. ఆ తర్వాత మధుబాబు షాడో. గంగారాం, కులకర్ణి పేర్లెత్తితే ఇప్పటికీ కళ్లు మెరిసే మావయ్యలున్నారు మా క్యాంపులో. గల్ఫ్‌కు వచ్చిన మొదటి తరం సూట్‌కేసుల్లో పచ్చడి సీసా పక్కన షాడో నవల ఉండేది. పది చేతులు మారి అట్ట ఊడితే గోధుమపిండితో అంటించి మళ్లీ చదివేవారు.

అద్దం అవతల

సినిమా గూఢచారి, గల్ఫ్ కూలీ ఒక చోట నిజంగానే కలిశారు. 2010లో 'మిషన్ ఇంపాజిబుల్ - ఘోస్ట్ ప్రోటోకాల్' కోసం టామ్ క్రూజ్ బుర్జ్ ఖలీఫా అద్దాల మీద పాకాడు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో దుబాయ్ ఫిల్మ్ ఫెస్టివల్‌లోనే దాన్ని మొదట చూపించారు. 828 మీటర్ల మేడ. ఇరవై నాలుగు వేలకు పైగా అద్దాలు. ప్రపంచమంతా నోరు తెరుచుకుని చూసిన ఆ సీనులో అతను కాసేపు వేలాడాడు. ఇక్కడ ఎత్తయిన మేడల అద్దాలు తుడిచే అన్నలు షిఫ్టంతా వేలాడతారు. ఆ సినిమాలో గోడకు అతుక్కునే గ్లవ్స్‌లో ఒకటి సగం దారిలో పనిచేయడం మానేస్తుంది. "కంపెనీ ఇచ్చిన గ్లవ్స్ అయ్యుంటయ్" అన్నాడొకడు. గది గదంతా ఘొల్లున నవ్వింది.

నవ్వు సరే. గూఢచారి అంటే మాకెందుకింత ఇష్టం అని కూర్చుని ఆలోచిస్తే తట్టేది ఇదే... వాడికి పవర్లు లేవు. పరాయి దేశంలో, పరాయి భాషలో, ఒంటరిగా పని ముగించుకుని రావాలి. అసలు సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు. మేము చేస్తున్నదీ అదే కదా! వీడియో కాల్‌కు ముందు చొక్కా మారుస్తాం. మంచాల మీద మంచాలు కనపడకుండా ఫోన్‌ను ఖాళీ గోడ వైపు తిప్పుతాం. కొందరైతే సెలవు రోజు మాల్ దాకా పోయి, ఫౌంటెన్ ముందు నిలబడి అప్పుడు ఫోన్ కలుపుతారు. చేతికి కట్టు ఉంటే ఆ చెయ్యి తెరలోకి రాదు. "ఎట్లున్నవయ్యా?" అంటే "బాగున్న." అంతే రిపోర్టు. కొడుకు మాత్రం నాన్న దుబాయ్‌లో సూపర్ హీరో అనుకుంటాడు. అనుకోనీ అని మేమే ఆ వేషం వేయిస్తున్నాం.

తేడాలూ ఉన్నాయి. సినిమా గూఢచారి దగ్గర అయిదారు పాస్‌పోర్టులు. మాకున్నది ఒక్కటి. అది మన దగ్గరే ఉండాలని ఇక్కడి చట్టం చెబుతుంది. చాలామందిది మాత్రం ఆఫీసు బీరువాలో ఉంటుంది.

ఇంతకన్నా చేదు కథ మాకు తెలిసిన జగిత్యాల కాకాది. విజిట్ వీసా మీద వచ్చాడు. ఏజెంటు చెప్పిన పని లేదు. దొరికిన పనికి జీతం లేదు. బయటపడ్డాడు. మా భాషలో ఖల్లివల్లి అయిపోయాడు. మూడేళ్లు దొరికిన పని, దొరికిన చోట నిద్ర. కుర్రతనంలో షాడో నవలలు వదలకుండా చదివిన మనిషి. మసీదు పక్కన చాయ్ తాగుతూ ఒకసారి అన్నాడు: "షాడో తప్పించుకునేది శత్రువు నుంచి. నేను తప్పించుకునేది బస్సుల టికెట్ చూసేటోని నుంచి. ఏం గూఢచారి బతుకు తమ్మీ ఇది!" సూపర్ హీరోలంటే అతనికి పడదు. "ఎగిరెటోనికి ఇమిగ్రేషన్ ఉండదు గద, ఆనికేం తెలుస్తది?" అనేవాడు. భీమవరం కుర్రాడు ఊరుకోలేదు. "అదేంటి బాబాయ్, సూపర్‌మ్యాన్ కూడా కాగితాల్లేకుండా వచ్చినోడే. కళ్లజోడు పెట్టుకుని, పేరు మార్చుకుని, పేపర్ ఆఫీసులో పని చేసుకుంటాడు" అన్నాడు. కాకా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ సినిమా ఒకసారి పెట్టమన్నాడు.

2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఇక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చింది. కాగితాలు లేనివాళ్లు జరిమానా కట్టకుండా, మళ్లీ రాకూడదన్న ముద్ర పడకుండా ఇంటికి పోవచ్చు. లేదా కాగితాలు సరిచేసుకుని ఉండొచ్చు. కాకా నెల రోజులు తటపటాయించాడు. పోతే పట్టుకుంటారేమోనని భయం. చివరికి ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి అల్ అవీర్ కేంద్రానికి వెళ్లి క్యూలో నిలబడ్డాడు.

ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. అప్పు ఇంకా ఉంది. మనవడితో కలిసి ఫోన్‌లో 'హను-మాన్' చూస్తున్నాడట. మా గది వాదన అతని చెవిన వేశాం. ఒకరేమో హనుమంతుడు సూపర్ హీరో అంటారు, సముద్రం దాటాడు, కొండ మోశాడు కాబట్టి. ఇంకొకరు కాదు, అసలైన గూఢచారి అంటారు, పిల్లంత అయిపోయి రాత్రిపూట లంకంతా వెతికాడు కాబట్టి. కాకా వాయిస్ మెసేజ్ పెట్టాడు. మనవడు కూడా అదే అడిగాడట, అంత బలమున్న హనుమంతుడు రాక్షసులకు ఎట్ల దొరికిండు తాతా అని.

"దొరకలేదురా, రావణుని ముందరికి పోవాలని కావాల్ననే కట్టించుకున్నడు అని చెప్పిన" అన్నాడు కాకా. వెనక కుక్కర్ విజిల్ వినపడుతోంది.