చెత్త యెక్కడికి పోవును?

పరిశుభ్రతను గూర్చి యుపన్యాసము వినని విద్యార్థి లేడు. బడిలో నొకసారియైనను చీపురు పట్టనివాడు నరుదు. అయినను మన వీథులు తుడిచిన మరునాడే మరల మలినము లగుచున్నవి. దీనికి మన సోమరితనమే కారణమని యనేకులు తలంతురు. అది కొంతవఱకు నిజమే. కాని వేఱొక కారణమును గలదు. దానిని మేము మా తప్పువలననే తెలిసికొంటిమి.

ఒక శనివారమున విద్యార్థులము, నుపాధ్యాయులము కలిసి చీమకుర్తిలో నొక వీథిని తుడిచితిమి. కాగితములు, ప్లాస్టిక్ సంచులు, టీ కప్పులు, ఆకులు, రాతిపొడి యన్నియు నొక్క పోగుచేసి మురుగుకాలువ గట్టున నుంచితిమి. సంతోషముతో ఫోటో కూడ తీయించుకొంటిమి. మూడవనాడు వాన కురిసెను. పోగంతయు కాలువలో పడెను. కాలువ పూడి, మురుగునీరు మేము తుడిచిన వీథిలోనికే పొంగెను. అచటి వృద్ధురా లొకతె మమ్ము చూచి, "నాయనా, మీరు రాకముందు చెత్త దూరాన ఉండేది. మీరొచ్చి వెళ్లాక గుమ్మంలోకి వచ్చింది" అనినది. మేము తలలు వంచుకొంటిమి.

చీపురు చెత్తను నశింపజేయదు. దాని చోటు మాత్రమే మార్చును. కావున చీపురెత్తుటకు ముందే రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసియుండవలెను. ఈ చెత్త యెక్కడినుండి వచ్చినది? ఇది యెక్కడికి పోవలెను? మన యూరి చెత్తను ఈ రెండు ప్రశ్నలతోనే పరిశీలింతము.

మొదటిది వంటయింటి చెత్త. కూరగాయల తొక్కలు, ఎంగిలి మెతుకులు, రాలిన యాకులు మట్టినుండి వచ్చినవి, మట్టికే పోవలెను. పెరటిలో గొయ్యి త్రవ్వి, ఒక పొర చెత్త, ఒక పొర మన్ను లేక పేడ చొప్పున వేసి, తడి యారకుండ చూచినయెడల కొన్ని నెలలకు మంచి యెరువగును. దానినే ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి పాఱవైచినచో గాలి తగులక క్రుళ్లును. పశువులు మెతుకుల కాసపడి సంచితో గూడ మ్రింగును. ఆ సంచి వాని కడుపులో నఱగదు. ఒంగోలు జాతి పశువులకు పేరొందిన ఈ సీమలో నిట్లు పశువులు చచ్చుట మనకు తలవంపు గాదా?

రెండవది పొడిచెత్త. తడిచెత్తను, పొడిచెత్తను, ఇంటిలోని ప్రమాదకరమైన చెత్తను వేఱువేఱుగా నీయవలెనని 2016లో భారత ప్రభుత్వము నిబంధనలు చేసినది. ఇందలి యుక్తి సులభమైనది. శుభ్రముగా వేఱుచేసిన కాగితమును, సీసాను, ఇనుమును కొనువారు గలరు. కూరతొక్కలతో కలిసినదానిని కొనువా డెవడును లేడు. ప్లాస్టిక్ గ్లాసులు, స్పూనులు, స్ట్రాలు మొదలుగా నొక్కసారి వాడి పాఱవేయు కొన్ని వస్తువులు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడినవి. ప్లాస్టికును తగులబెట్టుట శుద్ధియని కొందఱ యభిప్రాయము. అది నేలమీది చెడుగును గాలిలోనికి పంపుటయే గాని మఱియొకటి గాదు.

మూడవది పొలములనుండి వచ్చునది. మిరప, ప్రత్తి పండించు మన మైదానములలో పురుగుమందు డబ్బాలు కాలువగట్లమీద కానవచ్చును. ఖాళీ డబ్బాయనునది నిజముగా ఖాళీ గాదు. అడుగున మందు మిగిలియుండును. దానిని మూడుమార్లు కడిగి, ఆ కడుగునీటిని పిచికారి ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి, పిల్లల కందనిచోట వేఱుగా నుంచవలెను. ఇంటిలో నీళ్లకు గాని నూనెకు గాని యెన్నడును వాడరాదు. బాలురు వీథి శుభ్రముచేయునప్పుడు ఇట్టి డబ్బా కనబడినచో ముట్టక పెద్దలకు చెప్పవలెను.

నాలుగవది మన యూరికే ప్రత్యేకమైనది. చీమకుర్తి నల్లరాయి బ్లాక్ గెలాక్సీ యను పేరుతో దేశదేశములకు పోవుచున్నది. ఆ నలుపులో బంగారు చుక్కలవలె మెఱయునది బ్రాంజైటను ఖనిజము. దీనివలన ననేక కుటుంబములు బ్రతుకుచున్నవి. కాబట్టి రాతిని నిందింపరాదు. రాతిని కోయునప్పుడు రంపము వేడెక్కకుండ నీరు పోయుదురు. ఆ నీరు రాతిపొడితో కలిసి బురదయగును. ఆ బురద తడిగా నున్నంతకాలము కాలువలను పూడ్చును. పొలములో పడినచో నేలలోనికి నీరింకనీయదు. ఎండినపిమ్మట సన్నని దుమ్మై లేచి మన యూపిరితిత్తులలో చేరును. దానిని తొట్లలో నిలిపి తేర్చినచో పైనీరు మరల కోతకు పనికివచ్చును. అడుగు బురదను ఇటుకలలోను, నేలపలకలలోను కలుపవచ్చును. మనవంటివారు చేయదగినది యొకటి గలదు: రాతిపొడి పడిన వీథిని ముందు నీళ్లు చల్లక తుడువరాదు.

ఇక నిలువనీరు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అను వైద్యుడు మన తెలుగునేలపై సికింద్రాబాదులో దోమ కడుపునందు మలేరియా క్రిమిని కనుగొనెను. దోమల కాటువలననే ఆ జ్వరము వ్యాపించునని నిరూపించుట కది మార్గమైనది. డెంగ్యూ దోమయో, మురుగున గాక తేటనీటిలో, పాత టైరులలో, పగిలిన కుండలలో, కొబ్బరిచిప్పలలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయగుటకు సుమారు వారము నుండి పది దినములు పట్టును. కాబట్టి వారమున కొకమారు నీటితొట్లను వంచి తోమినచో పుట్టకముందే దోమ నశించును.

మేము ఆ వీథికి మరల పోయితిమి. ఈ మాఱు చెత్తబండి వచ్చు వేళను ముందుగా విచారించి, తడి పొడి వేఱుచేయుటకు గోనెలు గొనిపోయి, బండి కదలిన పిమ్మటనే యిండ్లకు మరలితిమి. ఫోటో తీయించుకొనుటకు తీరికయే లేకపోయెను. నిత్యము ఆ పని చేయు పారిశుధ్య కార్మికుల శ్రమ యెంతటిదో ఆనాడు మాకు తెలిసినది. మనము కలిపి పాఱవైచినదానిని వారు తమ చేతులతో వేఱుచేయవలసివచ్చుచున్నది.

2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వము ప్రతి నెల మూడవ శనివారమును స్వచ్ఛతా కార్యములకై యేర్పఱచినది. మంచిదే, కాని నెలలో మిగిలిన దినము లింటివారివే. నెహెమ్యా కాలమున యెరూషలేము గోడను కట్టినప్పుడు పలువురు తమ తమ యిండ్లకెదురుగా నున్న భాగమును బాగుచేసిరని పరిశుద్ధ గ్రంథమునందు చదువుచున్నాము. గోడ యంతయు నట్లే లేచినది. తల్లిదండ్రులారా, విద్యార్థులారా, మన గుమ్మము నెదుటి భాగముతో మనమును మొదలిడుదము. ఏదేని వస్తువును పాఱవేయుటకు చేయి యెత్తినప్పు డొక్క నిమిషమాగి, ఇది యెక్కడికి పోవునని మనలను మనమే ప్రశ్నించుకొందము.