బర్గూరు ప్రాంతమున చేమంతికుటుంబపు అడవిపూలు: వాని ఆనవాళ్ళు

తమిళనాడున కృష్ణగిరి జిల్లాలోని బర్గూరు మూడు భాషల కూడలి. ఉత్తరమున కుప్పము సీమ తెలుగు, పడమట కన్నడము, ఊరిలోను చుట్టును తమిళము. ఈ జిల్లా 2004లో ఏర్పడినది. అంతకు పూర్వము 1965 నుండి ధర్మపురి జిల్లాలోను, దానికి ముందు సేలము జిల్లాలోను ఈ భూభాగము చేరియుండెను. ఈరోడు జిల్లాలో అంతియూరు చెంత, పశుజాతికి పేరొందిన బర్గూరు కొండలు వేరు. మన బర్గూరు వేరు. ఊరి పేరునకే ఇట్టి పొరపాటు కలుగుచుండ, ఒకే పోలికగల పూమొక్కల విషయమున కలుగుట వింతకాదు.

ఇచ్చటి రాతిగుట్టల వాలులందు, మామిడితోపులందు, చెరువుకట్టలపై వానలు కురిసినపిమ్మట చేమంతికుటుంబపు మొక్కలు విరివిగా మొలచును. ప్రపంచమున ఈ కుటుంబమునందు సుమారు 25 వేల జాతులు కలవు. మనము ఒక పువ్వని తలచునది యథార్థముగా అనేక చిన్నపూల గుంపు. నడుమనున్నవి గొట్టమువంటి పూలు. అంచునందు రేకులవలె కనబడునవి నాలుకవంటి పూలు. కొన్ని జాతులలో అంచుపూలే యుండవు. కొన్నిటి గింజలకు దూదివంటి కేశగుచ్ఛముండును, కొన్నిటికి ఉండదు. ఈ రెండు సంగతులు తెలిసినవారికి సగము పని తీరినట్లే.

ఈ గుర్తింపు వినోదమునకు మాత్రమే కాదు. మన ఇండ్లలో తలనూనెకును, కామెర్లకును గుంటగలగరాకు కోసి తెచ్చుట పరంపరగా వచ్చిన అలవాటు. తెచ్చినది అదే మొక్క యగునా కాదా యనునదే ప్రశ్న.

మొదట గుంటగలగర. సంస్కృతమున భృంగరాజము; శాస్త్రనామము ఎక్లిప్టా ప్రోస్ట్రేటా. ఇది తడినేల మొక్క. చెరువు అంచులు, వరిగట్లు, కాలువ ఒడ్డులు దీని తావులు. ఆకులు కోలగా, కాడ లేకుండ, ఎదురెదురుగా నుండును. పూగుత్తి చిన్నది, తెల్లనిది. పొట్టికాడపై ఆకు మొదట ఒకటో రెండో పూయును. అంచుపూలు సన్నగా, పొట్టిగా, లెక్కకు మిక్కిలిగా నుండును. గింజకు దూది లేదు. లేతకాడను నలిపి కొంతసేపుంచిన రసము నల్లబడును. ఇదియే దీని ముఖ్యమైన ఆనవాలు.

దీనితో తరచు కలిసిపోవునది గడ్డిచేమంతి, అనగా ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. ఇది మెక్సికో, మధ్య అమెరికాల నుండి వచ్చి మన నేల నాక్రమించినది. ఎండినగుట్ట, బాటప్రక్క, బీడు దీనికి చాలును. ఆకుల కంచులు రంపపుపండ్లవలె నుండి, ఒడలెల్ల నూగుండును. జానెడు పొడవుగల సన్నని కాడకొనను ఒంటిపువ్వు నిలుచును. అంచున సాధారణముగా అయిదారు వెడల్పు పూలు మాత్రమే యుండును. అవి వెన్నవన్నె కలిగి, కొనను మూడు పండ్లుగా చీలియుండును. నడుమ పసుపు. గింజకు ఈకవంటి దూది యుండుటచే గాలికెగిరిపోవును. దీని ఆకురసమును గాయములపై పూయుట పల్లెవాడుక. కాని ఇది గుంటగలగర కాదు.

తమిళమున వెళ్ళై కరిసలాంగణ్ణి, మంజళ్ కరిసలాంగణ్ణి అని రెండు పేళ్ళు వినబడును. మొదటిది తెల్లపూల గుంటగలగర. రెండవది పసుపు పూలది. శాస్త్రనామము స్ఫాగ్నెటికోలా కాలెండ్యులేసియా. ఇది తడిచోట నేలప్రాకి కణుపు కణుపున వేరుతన్నును. ఉద్యానములలో నేలకప్పుగా నాటు అమెరికా జాతి యొకటి, స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా యనునది, దీనివలెనే పసుపు పూలు పూయును. దాని ఆకు తరచు మూడు తమ్మెలుగా చీలును. మన మొక్క ఆకు అట్లు చీలదు. పువ్వు నొక్కదానినే చూచి ఆకును చూడనివారు ఇచ్చట మోసపోవుదురు.

ఊదాపూల జత మరియొకటి కలదు. సహదేవికి ఆకులు ఒకటి విడిచి యొకటి వచ్చును, అంచుపూలు లేవు, ముదిరిన గింజపై తెల్లని దూది యుండును. అజిరేటమ్ కోనైజాయిడిస్ అను మొక్కకు ఆకులు ఎదురెదురుగా నుండి, నలిపిన ఘాటువాసన గొట్టును. గింజపై దూదికి మారుగా అయిదు సన్నని పొలుసులుండును. ఈ రెండవదానిలో కాలేయమునకు హానిచేయు క్షారపదార్థములు కలవు. కావున సహదేవియని భ్రమించి దీనిని కషాయమున వేయరాదు.

కడపట జాగ్రత్తకు పాత్రమైనది వయ్యారిభామ. కన్నడమున కాంగ్రెస్ గిడ. భారతదేశమున దీని ఉనికిని వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్. ఎస్. రావు పుణె నుండి 1956లో ప్రకటించెను. తర్వాత దేశమంతట వ్యాపించెను. దీనిని తినివేయు మెక్సికో పురుగును 1984లో బెంగుళూరున విడిచిరి. ఐనను మొక్క నశింపలేదు. ఆకులు లోతుగా ముక్కలుముక్కలుగా చీలి, ఒకటి విడిచి యొకటి వచ్చును. మెంతిగింజంత తెల్లని పూగుత్తులు కొమ్మకొనలందు గుంపుగా నుండి, ఒక్కొక్కటి అయిదు మూలలు గలదిగా కనబడును. తాకినవారిలో కొందరికి చర్మమున దురద, పుండ్లు కలుగును; పుప్పొడి ఉబ్బసమును రేపును. పెరికివేయువారు చేతులకు తొడుగు వేసికొని, పూయకముందే పెరుకవలెను. దూరమునుండి తెల్లపూలు కనబడిన మాత్రమున గుంటగలగర యని పిల్లలను కోయ బంపరాదు.

మొక్కను కోయుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఆకులు ఎదురెదురుగా నున్నవా, ఒకటి విడిచి యొకటియా? అంచుపూలున్నవా, ఉన్న నెన్ని, ఏ వన్నె? పూకాడ పొడవా, పొట్టియా? గింజకు దూది కలదా? ఇవి చాలని యెడ నేల తడియో పొడియో చూడవలెను. నాలుగును సరిపోలనిదే మొక్కను ఇంటికి తేరాదు. ఔషధముగ లోపలికి పుచ్చుకొనుటకు వైద్యుని సలహా యుండవలెను.

గ్యాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు రాజధాని వృక్షసంపుటములు 1915 మొదలు 1936 వరకు వెలువడెను. ఆ గ్రంథము శాస్త్రనామములను భద్రపరచినది. మన వృద్ధస్త్రీల నోట నిలిచిన తెలుగుపేళ్ళను భద్రపరచు బాధ్యత మనది. ఒకే మొక్కకు తెలుగు, తమిళము, కన్నడము మూడుపేళ్ళుండుటయు, ఒకే పేరు రెండు మొక్కలకు చెల్లుటయు ఈ సరిహద్దు సీమకు సహజము. ప్రతి గ్రామమున విద్యార్థులు మొక్కను ఆకుతో, పూతో, గింజతో కాగితమున అదిమి ఎండబెట్టి, దాని చెంత మూడుభాషల పేళ్ళను, దొరికిన తావును, దినమును వ్రాసియుంచినచో, పేరును మొక్కయు కలిసి ముందుతరమునకు చేరును. పేరు మాత్రము మిగిలి మొక్క తెలియకపోయినచో, ఆ పేరే అపాయమునకు హేతువగును.