బెదురు తగ్గితేనే పరీక్ష సరిగ్గా

పశువైద్యశాల బల్లమీద పిల్లి కదలకుండా కూర్చుంటే బుద్ధిగా ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది భయంతో బిగుసుకుపోయి ఉండవచ్చు. కుక్కలైతే తోక ముడుస్తాయి, చెవులు వెనక్కి వాలుస్తాయి, పదేపదే మూతి నాక్కుంటాయి. ఈ బెదురు జంతువును బాధపెట్టడమే కాదు, పరీక్షల ఫలితాలనూ మారుస్తుంది.

ముప్పు ఉందనిపించగానే శరీరంలో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కాలేయం తనలో నిల్వ ఉన్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పిల్లులకు వైద్యుడి దగ్గరకు వెళ్లినట్టే ఉండే పరిస్థితి కల్పించి రక్తపోటు కొలిచారు. ప్రశాంతంగా ఉన్నప్పటికంటే అది సగటున సుమారు 18 మిల్లీమీటర్లు ఎక్కువగా నమోదైంది. బెదిరిన పిల్లి రక్తంలో చక్కెర కూడా మధుమేహం ఉందేమో అనిపించేంతగా పెరగవచ్చు. అలాంటి అనుమానం వస్తే వైద్యులు ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయిస్తారు. అది గడచిన కొన్ని వారాల సగటు చక్కెర స్థాయిని సూచిస్తుంది కాబట్టి అప్పటికప్పుడు కలిగిన భయం దాన్ని పెద్దగా మార్చదు.

అందుకే రక్తపోటు కొలిచేముందు జంతువును 5 నుంచి 10 నిమిషాలు గదికి అలవాటు పడనివ్వాలని, మొదటి రీడింగును వదిలేసి తర్వాతి రీడింగుల సగటు తీసుకోవాలని పశువైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

బెదురు తగ్గించే పని ఇంట్లోనే మొదలవ్వాలి. పిల్లిని తీసుకెళ్లే బుట్టను ప్రయాణం రోజునే బయటికి తీస్తే, దాన్ని చూడగానే పిల్లి మంచం కిందికి దూరుతుంది. బుట్టను ఎప్పుడూ తెరిచి ఉంచి, లోపల పాత గుడ్డ పరిచి, అప్పుడప్పుడు తిండి పెడితే అదే దానికి సొంత చోటవుతుంది. కుక్క పాదాలు, చెవులు రోజూ తాకి చూస్తూ ఇష్టమైనది కొంచెం తినిపిస్తే వైద్యుడి స్పర్శ కొత్తగా ఉండదు. ఆసుపత్రిలో జారే బల్లమీద రబ్బరు చాప వేయడం, బుట్ట పైమూత తీసి పిల్లిని అందులోనే పరీక్షించడం మేలు చేస్తాయి. మరీ బెదిరే వాటికి ముందుగా ఇంటివద్దే ఇచ్చేందుకు గాబాపెంటిన్ వంటి మందును వైద్యులు సూచించవచ్చు. మనుషుల మందులు మాత్రం సొంతంగా ఇవ్వకూడదు. ఒక్క పారాసిటమాల్ మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

ఒకసారి పెనుగులాట జరిగితే జంతువు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత వెళ్లడాన్ని యజమాని వాయిదా వేస్తాడు, రేబిస్ టీకా గడువు దాటిపోతుంది. మన దేశంలో మనుషులకు రేబిస్ ఎక్కువగా కుక్కకాటు వల్లే సోకుతుంది. కాబట్టి కుక్క బెదరకుండా టీకాకు వెళ్లిరావడం ఇంటిల్లిపాదికీ రక్షణే.